యోగ్యానుపలబ్ధియు హైదరాబాదు క్లోరోఫారమును

కనబడనిదానిని లేదనుటకు మన కెప్పు డధికారము కలుగును? భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ఆఱవ ప్రమాణముగా నంగీకరించుచునే, ఉన్నయెడల కనబడి తీరవలసిన వస్తువు కనబడనప్పుడు మాత్రమే, అనగా యోగ్యానుపలబ్ధియందే, అభావమును నిశ్చయింపవచ్చునని కట్టడి చేసిరి. వెలుతురున్న గదిలో ఘటము కానరాకున్న లేదనవచ్చును, చీకటిగదిలో ననరాదు.

ఈ విచారమునకు హైదరాబాదు కోఠిలోనే ఒక దృష్టాంతము గలదు. నేడు మహిళల విద్యాస్థానమైన అందలి రెసిడెన్సీ సౌధము బ్రిటిషువారి ప్రతినిధికి నివాసమై యున్న దినములలో, అచ్చటి సర్జనుగా నుండి, ఇప్పటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలమైన వైద్యపాఠశాలను నడిపిన ఎడ్వర్డు లారీ, రోగి నాడిని గాక ఊపిరిని గమనింపుమన్న తన గురువు సైము మతమును ఆప్తవాక్యముగా గ్రహించి, మత్తుమందైన క్లోరోఫారము హృదయమును నేరుగా బాధింపదని స్థాపించుటకు ఆఱవ నిజాము ప్రాపున 1888లో నొక సంఘమును, ఇంగ్లండులోని వైద్యులు సమ్మతింపకపోగా 1889లో మఱియొక సంఘమును నడిపెను. వందలకొలది జంతువులకు, అందు ముఖ్యముగా కుక్కలకు, మందు పట్టించి చూడగా, ముందుగా నాగినది శ్వాసయేగాని హృదయము కాదని తేలెను. ఇంగ్లండునుండి సంశయముతో వచ్చిన వైద్యుడు లాడరు బ్రంటనును లారీపక్షమున చేరెను.

ఈ పరీక్షలకు కొంత గణితమును జోడింతము. క్లోరోఫారము మూడువేల ప్రయోగములలో నొక్కమాఱు హృదయమును హఠాత్తుగా నాపునని శూన్యపరికల్పన చేసికొని, 500 పరీక్షలలో నట్టి మరణ మొకటియు గానరాలేదనుకొన్నచో, ఆ పరికల్పన నిజమైనను ఇట్టి ఫలితము వచ్చుటకు గల సంభావ్యత, 2999ని 3000తో భాగించి వచ్చినదానిని ఐదువందలమాఱులు గుణింపగా, సుమారు 0.85, ఇదియే ఇచ్చటి పి-విలువ. ఫిషరు వాడుకలోనికి దెచ్చిన 0.05 హద్దునకు దిగవలెనన్న తొమ్మిదివేల పరీక్షలు కావలెను. పరికల్పన సత్యమగుట కెనుబదియైదు పాళ్లవకాశ మున్నదని దీని కర్థము కాదు; పెద్ద చదువులు చదివినవారును ఇచ్చటనే జాఱుదురు. ఈ సంఖ్య పరికల్పనను ముందుగా నంగీకరించి పుట్టినది గనుక, దాని సత్య మెంత సంభావ్యమో తాను పలుకజాలదు. ఈ చూపునకు దానిని కాదను శక్తి లేదని మాత్రము చెప్పును.

సంఖ్య యొక్కటే కొఱతయా యన్న నదియు గాదు. లేవీ యను నాతడు 1911లో పిల్లులపై పరీక్షించి, హృదయము కంపించి ఆగిపోవుట మందు గాఢముగా నెక్కినప్పుడు గాక, తేలికగా నున్నప్పుడే సంభవించునని చూపెను. ప్రాణము పోవునంతవఱకు మందు పట్టించి చూచినవారి కది కనబడుటకు తగిన తావు చాలవఱకు లేకపోయెను. లారీ పట్టికలు అబద్ధములు కావు. వానినుండి చేసిన నిశ్చయమే అధికప్రసంగము. ఆ సంఘమున వైద్యులతోపాటు ఒక భాట్టమీమాంసకుడును కూర్చుండవలసినది.