కాగితమునకు ముందున్న హక్కు

రైల్వే ఉద్యోగి ఇంట సర్వీసు రిజిస్టరునకు గల విలువ ఇంతయని చెప్పుట కష్టము. ఇరువదవ శతాబ్దపు ఆరంభములో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేవారు ఖరగ్‌పూరులో కర్మాగారమును నెలకొల్పిన పిమ్మట, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తెలుగువారు అనేకులు పని వెదకికొనుచు అచ్చటికి చేరిరి. బడి ముఖము చూడని ఆ తరములో తన పుట్టిన తేది ఎరుగనివానికి గుమాస్తా అంచనా వేసి వ్రాసిన తేదియే పుట్టిన తేది ఆయెను. పదవీ విరమణ ఎన్నడో, పింఛను ఎప్పటినుండియో నిర్ణయించునది ఆ ఒక్క పంక్తియే. అయినను ఆ పంక్తి ఎవనిని కనలేదు. పుట చినిగిపోయినంత మాత్రమున మనిషి పుట్టనివాడు కాడు. కాని పుట లేనియెడల గుమాస్తా బల్లముందు అతడు నోరులేనివాడగును.

మనుష్యుని స్వేచ్ఛ విషయములోను ఇట్టి ప్రశ్నయే కలదు. విచారణ లేకుండ చెరలో ఉంచబడకుండుటకు మనుష్యునికి గల హక్కును రాజ్యాంగము పుట్టించినదా, లేక అంతకు ముందే యున్న హక్కును నమోదు చేసినదా? ఇది పండితులు తీరికవేళ చర్చించుకొను విషయమని తోచవచ్చును. కాని న్యాయస్థానములు దీనికి చెప్పిన జవాబును బట్టియే చెరలోని మనుష్యులు ఇల్లు చేరుటయో, చేరకపోవుటయో జరిగినది.

ఖరగ్‌పూరులోనే ఈ ప్రశ్నకు సాక్షిగా నిలిచిన కట్టడమొకటి కలదు. 1930లో బ్రిటిషు ప్రభుత్వము హిజ్లీలో ఒక నిర్బంధ శిబిరమును తెరచెను. అచ్చట నుంచబడిన యువకులలో అనేకులపై ఏ న్యాయస్థానములోను నేరము రుజువు కాలేదు; అనుమానమే చాలునని ప్రభుత్వము తలంచెను. 1931 సెప్టెంబరు 16వ తేదిన నిరాయుధులైన ఆ నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇద్దరు మరణించిరి. కొద్ది దినములలోనే రవీంద్రనాథ్ ఠాగూరు కలకత్తా బహిరంగ సభలో తన నిరసనను వెల్లడించెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1951లో, ఆ కట్టడములోనే దేశపు మొదటి ఐ.ఐ.టి. తన పనిని ప్రారంభించెను. చెరసాల విద్యాశాల ఆయెను. అయితే చెరసాలను కట్టించిన తలంపు కూడ మారినదా?

ఆ తలంపు బ్రిటిషువారితో పుట్టినది కాదు. అపొస్తలుడైన పౌలు కైసరయలో రెండు సంవత్సరములు తీర్పులేకయే బంధింపబడియుండెను. అతనిలో నేరము కనబడినందున గాదు, యూదులను సంతోషపెట్టగోరి ఫేలిక్సు అతనిని అట్లే విడిచి వెళ్లెను. అతని తరువాత వచ్చిన ఫేస్తు, నేరము మోపినవారికి ముఖాముఖిగా నిలిచి జవాబు చెప్పుకొను అవకాశమియ్యక ఎవనినైనను అప్పగించుట రోమీయుల ఆచారము కాదని చెప్పెను. ఫేస్తు విశ్వాసి కాడు, ధర్మశాస్త్రమెరిగినవాడును కాడు. అయినను మనుష్యుని మాట వినకుండ అతనిని శిక్షింపరాదని ఎరిగియుండెను. ఎరిగియుండుట ఒకటి, విడిపించుట మరియొకటి. పౌలును అతడును విడుదల చేయలేదు.

ఈ ఎరుకను ఒక దేశపు పునాదిలో వ్రాసినవారు అమెరికా దేశస్థులు. 1776 జూలై 4వ తేదినాటి స్వాతంత్ర్య ప్రకటన, మనుష్యులందరు సమానముగా సృజింపబడిరనియు, జీవించుటకును స్వేచ్ఛగా నుండుటకును వారికి గల హక్కు సృష్టికర్త ఇచ్చినదనియు చెప్పెను. ప్రభుత్వము ఆ హక్కును ఇచ్చునది కాదు, కాపాడునది మాత్రమే. 1787లో రచింపబడిన రాజ్యాంగము హెబియస్ కార్పస్‌కు, అనగా చెరలోనున్నవానిని న్యాయాధిపతి యెదుట నిలిపి ఎందుకు పట్టితివో చెప్పుమని అధికారిని అడుగు ఆజ్ఞకు, తిరుగుబాటు గాని దండయాత్ర గాని కలిగినప్పుడు తప్ప ఆటంకము కలుగరాదని విధించెను.

అంత గొప్ప ఒప్పుకోలు చేసినవారు ఎట్లు ప్రవర్తించిరి? ప్రకటనను వ్రాసిన జెఫర్‌సనే బానిసలను కలిగియుండెను. 1857లో డ్రెడ్ స్కాట్ అను బానిస విడుదల కోరి సుప్రీంకోర్టు ముందుకు రాగా, ఆ ప్రకటనలోని “మనుష్యులందరు” అను మాటలో నల్లవారు చేరలేదని ప్రధాన న్యాయమూర్తి టానీ తీర్పు చెప్పెను. 1944లో, జపాను సంతతివారిని లక్షమందికి పైగా ఇండ్ల నుండి వెడలగొట్టి శిబిరములలో నుంచిన కాలమున, వారిని వెడలగొట్టిన ఆజ్ఞను ఫ్రెడ్ కొరెమట్సు కేసులో ఆరుగురు న్యాయమూర్తులు సమర్థించిరి. ముగ్గురు మాత్రమే కాదనిరి. ఆ తీర్పు ఘోరమైన తప్పని ఆ న్యాయస్థానము చెప్పుటకు 2018 వరకు పట్టెను. హక్కు సృష్టికర్తదని ఒప్పుకొనుట సులభము. ఆ హక్కును పొరుగువానియందు చూచుట కష్టము.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ చరిత్రను ఎరిగియే పని చేసిరి. రాజ్యాంగ సలహాదారుడైన బి.ఎన్. రావు 1947లో అమెరికాకు వెళ్లి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టరుతో సంప్రదించెను. చట్టము న్యాయమైనదో కాదో విచారించు అధికారమును న్యాయమూర్తులకు విశాలముగా ఇచ్చు అమెరికా పదజాలము మనకు వలదని ఆయన సలహా ఇచ్చెను. కడకు 21వ అధికరణములో “చట్టము నిర్ణయించిన పద్ధతి” అను మాట నిలిచెను. 22వ అధికరణములో విచారణ లేని ముందస్తు నిర్బంధమునకే చోటు దొరకెను. ఆ చోటు నేటికిని ఉన్నది.

దాని ఫలితము రైల్వే ఊళ్లకు దూరముగా నుండలేదు. 1974 మే నెలలో దేశవ్యాప్తముగా జరిగిన రైల్వే సమ్మెలో వేలాది కార్మికులు అరెస్టు చేయబడిరి. మరుసటి సంవత్సరము జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. రెండు దినములకు వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, 21వ అధికరణము క్రింద న్యాయస్థానమునకు వెళ్లు హక్కును నిలిపివేసెను. మీసా చట్టము క్రింద పట్టబడినవారు అయినను హైకోర్టుల తలుపు తట్టిరి. తొమ్మిది హైకోర్టులు వారి మొర వినదగినదనెను. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు వెళ్లెను.

అదియే జబల్‌పూర్ కేసు. 1976 ఏప్రిల్ 28న ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు, ఉత్తర్వు అమలులోనున్నంత కాలము నిర్బంధితునికి న్యాయస్థానములో దారి లేదనిరి. వాదనల సమయమున న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా, ఒక పోలీసు పగచేత ఒకని ప్రాణము తీసిన యెడల ఏమి దారియని ప్రశ్నింపగా, ఈ వాదము ప్రకారము దారి లేదని అటార్నీ జనరల్ జవాబిచ్చెను. రిజిస్టరు మూయబడినది గనుక మనిషి పుట్టలేదని చెప్పినట్లాయెను. ఖన్నా ఒక్కడే అంగీకరింపలేదు. ప్రాణమును స్వేచ్ఛయు రాజ్యాంగము దయచేసిన వరములు కావనియు, రాజ్యాంగమునకు పూర్వమే అవి ఉన్నవనియు, చట్టముతో పాలింపబడు ఏ దేశములోను అధికారము లేక వాటిని తీసివేయరాదనియు ఆయన వ్రాసెను. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి తరువాతివానికి పోయెను. ఆయన రాజీనామా చేసెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ ఎదురగును. హక్కు కాగితమునకు ముందే యున్నదన్న యెడల, ఎవనికి తోచినది వాడు హక్కు అనడా? న్యాయమూర్తి తన మనస్సును చట్టముగా చేసికొనడా? ఈ భయము అకారణము కాదు. ఫ్రాంక్‌ఫర్టరు సలహాలో ఉన్నదియు ఇదియే. అయితే కాగితమునకు అంటిపెట్టుకొనుట చేతనే భద్రత కలుగునా? టానీ తాను కాగితమునే చదువుచున్నాననెను. జబల్‌పూర్ కేసులోని నలుగురును అట్లే అనిరి. చదువువాని కన్ను ఎదుటివానిని మనుష్యునిగా చూడనప్పుడు, ఏ కాగితమును వానిని మనుష్యునిగా చూపలేదు. మరియు ఖన్నా పుట్టించినది క్రొత్త హక్కు కాదు. బంధించినవాడు కారణము చెప్పవలెనన్నది ఫేస్తు కూడ ఎరిగినదే.

మరియొక మాటయు దాచరాదు. ఖన్నా తీర్పు ఆ దినమున ఒక్క ఖైదీనైనను విడిపింపలేదు. సత్యము కడపట గెలుచునని చెప్పుట సులభమే గాని, చెరలో గడచిన నెలలను ఏ తీర్పును తిరిగి ఇయ్యలేదు. 1978లో 44వ సవరణ, అత్యవసర పరిస్థితిలో సహితము 21వ అధికరణమును నిలిపివేయరాదని విధించెను. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో జబల్‌పూర్ తీర్పును కొట్టివేసెను. ఆ నలుగురిలో ఒకడైన వై.వి. చంద్రచూడ్ కుమారుడే ఆ మాటలను వ్రాసెను. ఆ దినముననే మరియొక ఏకాంత స్వరమునకును విలువ కలిగెను. పోలీసుల నిఘాకు గురియైన ఖరక్ సింగ్ కేసులో, 1962లో, మనుష్యుని ఆంతరంగిక జీవితము అతని స్వేచ్ఛలో భాగమని, రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు అధిక సంఖ్యాకులతో విభేదించి వ్రాసియుండెను. ఏబది ఐదేండ్లకు ఆ మాట నిలిచెను.

కాగితము వలదని దీని భావము కాదు. పింఛను కొరకు ఎండలో నిలిచిన వృద్ధునితో, పుటతో పనిలేదు, నీవు పుట్టినది నిజమే గదా అనుట పరిహాసమగును. హక్కు వ్రాయబడవలెను, తిరిగి తిరిగి చదువబడవలెను. కాని అది వ్రాతవలన పుట్టినది కాదని ఎరిగినవాడే, వ్రాత మూయబడిన దినమున నోరు తెరువగలడు. ఆ నోరు న్యాయమూర్తిది మాత్రమే కానక్కరలేదు. పొరుగింటివాడు రాత్రివేళ పట్టుకొనిపోబడినప్పుడు, ఏదో చేసియుండునులే అని తలుపు మూసికొనువాడును ఒక తీర్పు చెప్పుచున్నాడు.

ప్రధానయాజకుల సభలో నీకొదేము అడిగినది ఒక్క ప్రశ్నయే: మనుష్యుని మాట వినకమునుపే మన ధర్మశాస్త్రము అతనికి తీర్పు తీర్చునా? వారు అతనిని ఎగతాళి చేసిరి. ఆ ప్రశ్న సిలువను ఆపలేదు. అయినను సిలువ దినమున, పరిమళ ద్రవ్యములను మోసికొని సమాధియొద్దకు వచ్చినవారిలో అతడుండెను.