చిరునామా లేని రాయి

మా అమ్మ పోయాక బూదికోట ఇంట్లో సామాన్లు పంచుకున్నాం. ఇత్తడి బిందెల దగ్గర కూడా కాస్త మాట పట్టింపులు వచ్చాయి గాని, దేవుడి గూట్లోని సాలగ్రామం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నోరు మెదపలేదు. అది ఇంట్లో ఉంటే నిత్యం అభిషేకం, నైవేద్యం తప్పకూడదు. ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లకు కుదిరే పని కాదు. "అన్నా, నువ్వే పెట్టుకో" అన్నారు. పెట్టుకున్నాను.

దానికి జోడు అనదగ్గ రాయి ఇంకొకటి నా దగ్గరుంది. 1997లో బ్యాంకు ఉద్యోగం మీద గుజరాత్‌లోని భుజ్‌లో ఉన్నప్పుడు, ఒక ఆదివారం జుమారా గుట్టల వైపు వెళ్లి, వాగులో కనిపిస్తే జేబులో వేసుకున్నాను. పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న రాయి. ఇన్నేళ్లూ నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాసింది.

రెండింటిలో ఉన్నదీ ఒకే జాతి ప్రాణి. శాస్త్రజ్ఞులు దాన్ని అమ్మోనైట్ అంటారు. చూపుకు నత్తలా ఉన్నా, నేటి స్క్విడ్, నాటిలస్‌లకు అది చుట్టం. గుల్లలో ఒక్కో అర కట్టుకుంటూ పెరిగి, చివరి అరలో కాపురముండి, వెనక అరల్లోని వాయువుతో సముద్రంలో తేలేది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట డైనోసార్లు పోయిన కాలంలోనే దాని వంశమూ ముగిసింది. నేపాల్‌లోని కాలీ గండకిలో దొరికే సాలగ్రామాలు ఎక్కువగా జురాసిక్ చివరి కాలానివి, అంటే సుమారు 15 కోట్ల ఏళ్లనాటివి. ఇప్పుడు హిమాలయాలున్న చోట అప్పుడు టెథిస్ సముద్రం. ఆ చక్రాలను వజ్రకీటమనే పురుగు తొలిచిందని మన పెద్దలన్నారు. పురుగు కాకపోయినా, అది ప్రాణి చేసిన పని అన్నంతవరకు వాళ్లు దూరం పోలేదు.

మన కోలారు సీమలో మాత్రం ఎంత తవ్వినా ఇలాంటిది దొరకదు. హైదర్ అలీ పుట్టిన మా కోటగుట్ట రాళ్లయినా, 2001లో గనులు మూసేదాకా మనవాళ్లు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి బంగారం తీసిన రాళ్లయినా, గుల్ల కట్టే ప్రాణి భూమ్మీద పుట్టకముందువి. అందుకేనేమో, కచ్ వాగులో ఆ రాయి కనబడగానే నాకు అంత ఆశ పుట్టింది.

భుజ్‌లో భూగర్భశాస్త్రం తెలిసిన ఒకాయనకు చూపించాను. "ఏ పొరలోది?" అని అడిగారు. "వాగులో దొరికింది" అన్నాను. "వాగులో ఎక్కడ?" జ్ఞాపకం లేదు. "బావుంది, ఉంచుకోండి" అని నా చేతిలో పెట్టేశారు.

ఆయన అడిగిందేమిటో నాకు తర్వాత తెలిసింది. అమ్మోనైట్ల రూపం త్వరత్వరగా మారిపోయేది. మారిన రూపం సముద్రాలన్నిటా వ్యాపించేది. కనుక ఒక పొరలో ఏ రకం ఉందో చూస్తే ఆ పొర వయసు తెలుస్తుంది. 1856-58లో ఆల్బర్ట్ ఓపెల్ యూరప్‌లోని జురాసిక్ రాళ్లను ఈ లెక్కతోనే మండలాలుగా విడదీశాడు. 1873-75లో వాగెన్ కచ్ అమ్మోనైట్ల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. 1927-33లో స్పాత్ ఆరు భాగాల్లో దాన్ని తిరగరాశాడు. అంత పనికీ మూలం ఒక్కటే: ఏ రాయి ఏ పొరలోంచి వచ్చిందన్న చిన్న చీటీ. నేను జన్మంతా వోచర్లు చూసినవాణ్ణి. తేదీ, శాఖ ముద్ర లేని వోచర్ తెచ్చినవాణ్ణి కౌంటరు దగ్గర నేనే ఎన్నిసార్లు కసిరానో!

"నువ్వు తియ్యకపోతే నీళ్లలో అరిగిపోయేది కదా బావా, పాపమేముంది?" అంటాడు మా బావమరిది. నిజమే. తీయడంలో తప్పు లేదనే నేనూ అనుకుంటాను. కాని ఆ చోటు రాసుకుని ఉంటే, వాగు వెంట పైకి పోయి అది ఏ పొరలోంచి జారిందో ఊహించే వీలుండేది. ఒక్క నిమిషం బద్ధకానికి ఆ వీలు పోయింది. సుత్తితో పొరలు పగలగొట్టి అమ్ముకునేవాళ్ల సంగతి వేరు. సాలగ్రామానికి వెల కట్టకూడదని పెద్దలంటారు. బ్యాంకులో బంగారానికి వెలకట్టే అప్రైజర్‌తో ఈ మాట అంటే నవ్వాడు గాని, నాకు అందులో న్యాయం కనిపిస్తుంది.

"పోనీ, తీసుకెళ్లి అక్కడే పెట్టేసి రా" అన్నాడు ఇంకో స్నేహితుడు. ఎక్కడ పెట్టను? కాని చోట పెడితే రేపు వచ్చే పిల్లవాడు దాన్ని నమ్ముతాడు. ముద్ర లేని వోచర్ పోయి దొంగ వోచర్ అవుతుంది.

కిందటి నెల దానికో అట్టపెట్టె చేసి, "జుమారా, 1997, వాగులో. పొర తెలియదు" అని చీటీ రాసి పెట్టాను. అదే ఊపులో సాలగ్రామానికీ ఒకటి రాద్దామని కూర్చున్నాను. మా ముత్తాత కాశీయాత్రలో తెచ్చాడని అమ్మ అనేది. ఏ ఏడు వెళ్లాడో, ఎవరిచ్చారో, అభిషేకం చేస్తూ ఆవిడ చెప్పబోతే, బస్సు టైమయిందని నేను లేచిపోయేవాణ్ణి. చీటీ మీద "కాశీ" అని రాసి కలం పక్కన పెట్టాను.