చెప్పాపెట్టకుండా

2022 సెప్టెంబరు 10, శనివారం రాత్రి. ల్యాబ్‌లో నా పక్క డెస్కు కుర్రాడి అపార్ట్‌మెంట్లో నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. వాడిది నెబ్రాస్కా. మేం చదువుతున్నది పక్క రాష్ట్రంలో. అమెరికన్ ఫుట్‌బాల్ నాకు అప్పటికి సగమే అర్థమయ్యేది గానీ, వాడి మొహం చూస్తే స్కోరు తెలిసిపోయేది. నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు, లింకన్‌లో తన సొంత స్టేడియంలో, జార్జియా సదరన్ అనే చిన్న కాన్ఫరెన్స్ జట్టు చేతిలో 45-42తో ఓడిపోయింది. 1962 నుంచి ఒక్క హోమ్ మ్యాచికీ టికెట్లు మిగలని స్టేడియం అది. మర్నాడు కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని తీసేశారు.

ఫ్రాస్ట్ బయటివాడు కాదు. 1997లో ఒక్క మ్యాచీ ఓడకుండా జాతీయ టైటిల్ గెలిచిన నెబ్రాస్కా జట్టుకి క్వార్టర్‌బ్యాక్ అతనే. ఇరవయ్యేళ్ళ తర్వాత కోచ్‌గా తిరిగొస్తే రాష్ట్రమంతా ఇంటి బిడ్డ వచ్చాడని మురిసిపోయింది. ఆ బిడ్డ లెక్క చివరికి 16 గెలుపులు, 31 ఓటములు. తీసేసినందుకు అతనికి ఇవ్వాల్సిన సొమ్ము దాదాపు కోటిన్నర డాలర్లు. అక్టోబరు 1 దాకా ఆగి ఉంటే అందులో సగమే సరిపోయేది. ఆ మూడు వారాలు కూడా ఓపిక పట్టలేకపోయారు.

మావాడికి ఫ్రాస్ట్ మీద కోపం వచ్చింది, యూనివర్సిటీ మీద వచ్చింది. కానీ ఒక మనిషి మీద మాత్రం రాలేదు. "ఏడ్రియన్‌ని మాత్రం ఏమీ అనలేను" అన్నాడు.

ఏడ్రియన్ మార్టినెజ్ 2018లో ఫ్రాస్ట్ పిలిస్తే కాలిఫోర్నియా నుంచి వచ్చాడు. వచ్చిన ఏడాదే, మొదటి మ్యాచి నుంచే, క్వార్టర్‌బ్యాక్. ఆ తర్వాత కెప్టెన్. నాలుగేళ్ళు ఆడితే నాలుగేళ్ళూ ఓటములే ఎక్కువ. 2021లో జట్టు మూడు గెలిచి తొమ్మిది ఓడింది. ఆ తొమ్మిదీ తొమ్మిది పాయింట్ల లోపు తేడాతోనే. ప్రతి వారం గెలుపు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడమన్నమాట. ఆ సెప్టెంబరులో అతని దవడ విరిగింది. విరిగిన దవడతోనే ఆ సీజన్ దాదాపుగా లాగించాడు. సీజన్ అయ్యాక నెబ్రాస్కా వదిలి కాన్సస్ స్టేట్‌కి వెళ్ళిపోయాడు.

ఇతను కోచ్‌కి నమ్మకంగా ఉన్నట్టా, లేనట్టా?

ఆ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం ఫుట్‌బాల్ కాదు. అప్పుడే నేనూ ఒక మనిషిని వదిలి వెళ్ళే ఆలోచనలో ఉన్నాను. అది తర్వాత చెప్తాను.

ముందు మన మాటలు చూడండి. 'లాయల్టీ'కి తెలుగులో ఏమంటాం? విధేయత అంటాం. అంటే చెప్పినట్టు వినడం. స్కూల్లో లీవ్ లెటర్ చివర "ఇట్లు, మీ విధేయుడు" అని రాసి సంతకం పెట్టేవాళ్ళం. విశ్వాసం అంటాం, దానికి వెంటనే గుర్తొచ్చేది కుక్క. ఉప్పు తిన్నాడు అంటాం. అన్నీ కింది నుంచి పైకి పోయే మాటలే. పైవాడు కిందివాడికి చూపించాల్సిన దానికి దయ, ఆదరణ లాంటి మాటలున్నాయి గానీ, అది అతని బాధ్యత అని చెప్పే మాట నాకైతే చప్పున తట్టదు.

కాలేజీ ఫుట్‌బాల్ చాలాకాలం ఈ వ్యాకరణంతోనే నడిచింది. 2021 ఏప్రిల్ దాకా కాలేజీ మారిన ఆటగాడు మామూలుగా ఒక ఏడాది ఆడకుండా బయట కూర్చోవాలి. కోచ్‌కి ఆ నియమం లేదు. 2021 నవంబరు ఆఖర్లో లింకన్ రైలీ ఓక్లహోమా వదిలి దక్షిణ కాలిఫోర్నియాకి, బ్రయన్ కెల్లీ నోటర్ డేమ్ వదిలి లూసియానాకి వెళ్ళిపోయారు, ఒకటి రెండు రోజుల తేడాలో. నోటర్ డేమ్ అప్పటికి పదకొండు గెలిచి ఒక్కటే ఓడింది. ఆ కుర్రాళ్ళు ఎవరికి నమ్మకంగా ఉండాలి? అందరు కోచ్‌లూ ఒకటే అనను. 2017లో ఓరెగన్ స్టేట్ కోచ్ గ్యారీ ఆండర్సన్, ఆరింట్లో అయిదు ఓడాక, రావాల్సిన కోటీ ఇరవై లక్షల డాలర్ల పైచిలుకు వదులుకుని సీజన్ మధ్యలో తప్పుకున్నాడు. అలాంటివాళ్ళు అరుదు. మామూలుగా ఓటమికి కోచ్ దగ్గర బీమా ఉంటుంది. ఆటగాడికి ఉండేది నాలుగో అయిదో సీజన్లు. అవి మళ్ళీ రావు. పోగొట్టుకోవడానికి ఎక్కువ ఉన్నవాడినే మనం నమ్మకంగా ఉండమని అడుగుతున్నాం.

అయితే ఆటగాడికి ఏ బాధ్యతా లేదనేస్తే సరిపోతుందా? నాకు అలా అనిపించదు.

ఇలాంటి చర్చ వచ్చినప్పుడు మనవాళ్ళకి లంక గుర్తొస్తుంది. విభీషణుడు వెళ్ళిపోయాడు, కుంభకర్ణుడు ఉండిపోయి చచ్చిపోయాడు. మొదటివాడి మీద "ఇంటి గుట్టు లంకకు చేటు" అని సామెత కట్టాం, రెండోవాడి మీద జాలిపడ్డాం. కానీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఎందుకో పట్టించుకోం. ఇద్దరూ రావణుడి మొహం మీదే చెప్పారు. విభీషణుడు రాత్రికి రాత్రి గోడ దూకలేదు. నిండు సభలో చెప్పి, తిట్లు తిని, నలుగురు అనుచరులతో అందరూ చూస్తుండగా బయల్దేరాడు. కుంభకర్ణుడు నువ్వు చేసింది తప్పని తిట్టి మరీ యుద్ధానికి వెళ్ళాడు. రావణుడికి నిజంగా అన్యాయం చేసింది, అంతా మీకే జయమని చెప్పిన మిగతా సభ.

ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. రావణుడు తప్పు చేశాడు. ఫ్రాస్ట్ చేసిన తప్పు ఓడిపోవడం. తప్పు చేసినవాడిని వదిలేస్తే ధర్మం మన పక్షాన ఉంటుంది. ఓడిపోతున్నవాడిని వదిలేస్తే మన పక్షాన ఏముంటుంది? మన లాభం తప్ప? అందుకే ఈ రెండోది కష్టం. అతను మనకి చెడు చేయలేదు. మనల్ని పిలిచాడు, నమ్మాడు, తనకి తెలిసింది నేర్పాడు. అది చాలడంలేదు, అంతే.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఇదే విషయం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక సంస్థ దిగజారుతుంటే అందులో ఉన్నవాళ్ళకి రెండు దారులు: బయటికి పోవడం, లేదా గొంతెత్తడం. నమ్మకం ఈ రెంటి మధ్యా పనిచేస్తుంది. మనిషిని వెంటనే పోనివ్వకుండా కాస్త ఆపుతుంది. ఎందుకు ఆపాలంటే, ఆ ఆగిన కాలంలో అతను నోరు విప్పుతాడని. ఇలా చూస్తే, ఆగిపోయి కూడా నోరు విప్పనివాడి నమ్మకం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. ఓటమి తర్వాత మైకుల ముందు "తప్పు మాది, కోచ్‌ది కాదు" అనే ఆటగాళ్ళని చూస్తుంటాం. బయట ఆ మాట మర్యాద. తలుపు మూశాక లోపల కూడా అదే మాటంటే, అది కోచ్‌ని ఒంటరిగా వదిలేయడమే.

మార్టినెజ్ దవడ గురించి కూడా ఇక్కడే ఒక మాట. విరిగిన ఎముకతో ఆడటాన్ని నేను మెచ్చుకోవడంలేదు. ఇరవై ఒక్కేళ్ళవాడి ఒంటితో మనం నమ్మకం కొలవకూడదు. నేను చూస్తున్నది వేరే విషయం. ఉన్నన్నాళ్ళూ అతను అక్కడ పూర్తిగా ఉన్నాడు. సీజన్ అయ్యాక, అందరికీ తెలిసేలా వెళ్ళాడు. మావాడికి కోపం రాకపోవడానికి అదే కారణం అనుకుంటాను.

ఇప్పుడు నా సంగతి. మా ప్రొఫెసర్‌కి ఆ ఏడాది గ్రాంటు రాలేదు. అసిస్టెంట్‌షిప్ పోతే ఫీజు మాఫీ పోతుంది, దాని వెనకే వీసా తిప్పలు. అదే డిపార్ట్‌మెంట్లో డబ్బున్న ఇంకో ల్యాబ్ నన్ను తీసుకుంటానంది. వెళ్ళడం తప్పు కాదు. ఇవాళ అడిగినా అదే చెప్తాను. ఇంటి దగ్గర అమ్మ కూడా "నీ దారి నువ్వు చూసుకో నాన్నా" అనే అంది.

తప్పు వేరేచోట ఉంది. ఆయన నడుపుతున్న ప్రయోగం దారి తప్పిందని నాకూ, నా పక్క డెస్కువాడికీ ఏడాది ముందే తెలుసు. రెండుసార్లు రివ్యూయర్లు కూడా సూటిగానో డొంకతిరుగుడుగానో అదే అన్నారు. మేమిద్దరం దాని గురించి కాఫీ దగ్గర గంటలు గంటలు మాట్లాడుకున్నాం. ఆయన గదిలోకి వెళ్తే మాత్రం తలూపి వచ్చేవాణ్ణి. పెద్దాయనకి ఎదురు చెప్పడమేమిటని. దానికి గౌరవం అని పేరు పెట్టుకున్నాను. ఆయన మునిగిపోతుంటే ఒడ్డున చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాను.

సెప్టెంబరు 23, శుక్రవారం సాయంత్రం, ఆయన ఇంటికి వెళ్ళిపోయుంటాడని తెలిసి ఈమెయిల్ పంపాను. పాతిక లైన్ల కృతజ్ఞత, ఒక లైను సంగతి. అరగంటలో జవాబొచ్చింది: ఫారం పంపించు, సంతకం పెడతాను, ఆల్ ది బెస్ట్.

మర్నాడు కాన్సస్ స్టేట్ ఓక్లహోమాని వాళ్ళ ఊళ్ళోనే 41-34తో ఓడించింది. మార్టినెజ్ తానే పరిగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు, ఇంకొకటి పాస్‌తో చేయించాడు. మావాడు తన జట్టు గెలిచినట్టే సోఫా ఎక్కి అరిచాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

సోమవారం తాళాలు ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన తాళాలు డ్రాయర్లో వేసి, కళ్ళజోడు తీసి, "వెళ్ళేముందు ఒకటి చెప్పు. మన ప్రయోగం గురించి నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఇక నాకు పోయేదేమీ లేదు కూడా.

"అంతా బాగానే ఉంది ప్రొఫెసర్" అన్నాను.