ఓడలోనికి గబ్బిలమును

లేవీయకాండము 11:19లో గబ్బిలము తినకూడనిదిగా ఎంచబడెను. కనబడినచోట చంపుమని అక్కడ లేదు. పూర్వము మన తెలుగువారు చెరకు తోటల కూలికి వెళ్లిన మారిషస్ దీవిలో పండ్లు తిను పెద్ద గబ్బిలములున్నవి. లీచీ, మామిడి కాపు పాడగుచున్నదని 2015లో ప్రభుత్వము 30,000కు పైగా చంపించెను. 2018లో ఆ జాతి అంతరించు ప్రమాదములో నున్నదని ఎంచబడెను.

కాపు పోయిన రైతు దుఃఖము చిన్నది కాదు, తోటగలవారికి చెప్పనక్కరలేదు. అయినను ఆ గబ్బిలములే అడవి విత్తనములను దూరమునకు మోయుచున్నవి. ఆ పని చేసిన పెద్ద తాబేళ్లు అక్కడ ఏనాడో నశించెను. నోవహు ఓడలోనికి పవిత్రము కాని జంతువులును ఎక్కెను గదా (ఆదికాండము 7:2). పంటకు మేలు చేయునదేదియని అతడు ద్వారమునొద్ద విచారింపలేదు. ఆ దీవిలో కొందరు రైతులు చెట్లకు వలలు కప్పి పండ్లు దక్కించుకొనుచున్నారు.