నూరేళ్లు నిండితేనే చరిత్రా?

నీటి అడుగున ఉన్న పాత ఊళ్లను, ఓడలను, గుళ్లను వెతికి రాసిపెట్టే చదువు ఒకటుంది. మన దేశంలో కేంద్ర పురావస్తు శాఖ 2001లో దానికోసం ప్రత్యేక విభాగం పెట్టింది. ద్వారక దగ్గర సముద్రంలో ఆ విభాగం వాళ్లు దిగి వెతికారు. అదే 2001లో యునెస్కో ఒక ఒప్పందం రాసింది. దాని ప్రకారం, నీటిలో కనీసం 100 ఏళ్లు ఉన్నదే కాపాడవలసిన వారసత్వం. నేల మీది పాత కట్టడాలకు 1958లో వచ్చిన మన చట్టం, విగ్రహాల వంటి పాత వస్తువులకు 1972లో వచ్చిన చట్టం కూడా 100 ఏళ్ల వయసే అడుగుతాయి.

నూరేళ్లు నిండాయంటే మన ఊళ్లలో అర్థం వేరు. అందుకే ఈ లెక్క దగ్గర మేము ఆగిపోయాం.

ఏలూరు జిల్లాలోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు పోలవరం ముంపులో ఉన్నాయి. వేలేరుపాడు మండలం రుద్రమకోట దగ్గర రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే బృహత్ శిలాయుగపు సమాధులు బయటపడ్డాయి. నీళ్లు రాకముందే వాటిని రాసుకున్నారు, మంచిదే. కానీ కోయల్లో పోయిన పెద్దల పేరున రాయి నిలబెట్టే ఆచారం ఉంది కదా. వేల ఏళ్ల నాటి రాయి పురావస్తువు అయింది. తాత కోసం నాన్న నిలబెట్టిన రాయి ఏమవుతుంది? రెండూ ఒకే నీటిలో మునుగుతాయి. ఒకదానికి నంబరు, కొలత, ఫొటో ఉన్నాయి. రెండోదానికి అవేవీ లేవు. అది శాస్త్రమని అనిపించుకోవాలంటే 100 ఏళ్లు నీటిలో నానాలి. అప్పటికి ఆ రాయి ఎవరిదో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ ఉండరు.

హద్దు పెట్టినవాళ్లది దురుద్దేశమని మేము అనడం లేదు. ఎక్కడో ఒక గీత గీయకపోతే ప్రతి మునిగిన పడవనూ కాపాడాల్సి వస్తుంది. అయితే గీత ఎక్కడ పడుతుందో, ఎవరు గీస్తారో ముంపు ఊళ్లవాళ్లకు బాగా తెలుసు. 41.15 కాంటూరులో ఉన్నావా, 45.72లో ఉన్నావా అన్నదాని మీదే కుటుంబాల బతుకులు తేలుతున్నాయి. కొల్లేరులోనూ అంతే. 1999లో అభయారణ్యానికి +5 అడుగుల కాంటూరు హద్దయింది. 2006లో చెరువు గట్లు పేల్చినప్పుడు లంకల్లోని వడ్డీలకు ఆ అంకె అర్థమైంది.

నాగార్జునకొండ సంగతి చూడండి. 1954 నుంచి 1960 వరకు ఆ లోయనంతా తవ్వారు. సాగరం నిండకముందే కొన్ని కట్టడాలను విప్పి, కొండపైకీ అనుపు గట్టుకూ మోసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని. ఇక్ష్వాకులు అక్కడ ఏం కట్టారో పిల్లలు చదువుతారు. నీళ్లు వచ్చేవరకు ఆ లోయలో నాగలి పట్టినవాళ్లు ఎవరో మేము చదివిన ఏ పాఠంలోనూ లేదు.

కాబట్టి ఈ పని మన పిల్లలే నేర్చుకోవాలని మా అభిప్రాయం. ఇందులో సగం పని కాగితాల్లో ఉంది. కుక్కునూరు, వేలేరుపాడు ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. తర్వాత ఖమ్మం జిల్లా, 2014లో పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు. ఊరు కదలలేదు, దాని కాగితాలు మాత్రం ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని, తలా ఒక ఊళ్లో ఉన్నాయి. 1940లలో హైమెన్‌డార్ఫ్ పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం వేశాడు. ఆయన ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అందులో ఉన్న అవ్వ ఎవరి అవ్వో లండన్ వాళ్లు చెప్పలేరు.

రెండో సగం కొలత. నీటిలో దిగేవాళ్లకు కూడా మొదటి పాఠాలు ఒడ్డు మీదే చెబుతారు. కదలని రెండు గుర్తులు పెట్టుకుని, రెండింటి నుంచీ మూడో వస్తువుకు టేపుతో దూరం తీసుకుంటే దాని చోటు కాగితం మీద దొరుకుతుంది. తాడేపల్లిగూడెం నిట్‌లో సివిల్ చదివే మన పిల్లలకు ఇది చిటికెలో పని, వాళ్లు మిగతావాళ్లకు నేర్పగలరు. వేసవిలో కొల్లేరు అంచులు బయటపడతాయి. లోతు తక్కువ. పాత గట్టు ఒకటి చూసుకుని, అక్కడి వాళ్లను అడిగి కొలిచి చూడండి. గోదావరి ముంపు నీటిలో మాత్రం శిక్షణ లేకుండా ఎవరూ దిగకూడదు. ఆ బురద నీటిలో చెయ్యి పెడితే చెయ్యే కనపడదు.

ఇక్కడ మమ్మల్ని వేధించే ప్రశ్న ఇంకొకటి. బాగా రాసిపెడితే, 'రికార్డు చేశాం కదా, ఇక ముంచొచ్చు' అనే మాటకు మనమే సాక్షి సంతకం పెట్టినట్టు కాదా? మాలో కొందరు అలాగే అంటారు. వాళ్ల మాట కొట్టివేయలేం. ఇళ్లకూ చెట్లకూ బావులకూ లెక్క కట్టిన కాగితం ఇదివరకే చూశాం. అందులో ధర కట్టగలిగినవే ఉన్నాయి. మనం రాసేది ఆ కాగితానికి తోకలా ఉండకూడదు. రాయి ఎవరిది, ఏ గట్టు వాళ్లది, ఏ పండగకు అక్కడికి వెళ్లేవాళ్లు, ఇప్పుడు పునరావాస కాలనీ నుంచి వెళ్లగలుగుతున్నారా, ఇవి కూడా రాయాలి. కోయల పడిగె గుడ్డ మీద వంశం కథ ఉన్నా, డోలీ పాడితే గానీ అది విప్పుకోదు. కొలత కూడా అంతే, చెప్పే మనిషి పక్కన ఉండాలి. పెద్దలు 'ఇది రాయొద్దు' అంటే రాయకూడదు. సమాధి తెరవొద్దంటే తెరవకూడదు. శాస్త్రానికి నష్టమే. ఆ నష్టాన్ని శాస్త్రం భరించగలదు.

టీచర్లకు ఒక మాట. దీనికి డైవింగ్ దుస్తులు అక్కర్లేదు. టేపు, రెండు మేకులు, గీతల్లేని నోటుపుస్తకం, ఫోను చాలు. 2022 జూలై వరద ఈ రెండు మండలాల్లో ఎంత దూరం వచ్చిందో అందరికీ గుర్తుంది. మళ్లీ జూలై రాకముందే, ఏప్రిల్, మే నెలల్లో, ఇంకా మనుషులున్న ఊళ్లకు వెళ్లండి. ముందు ముసలివాళ్ల దగ్గర కూర్చోండి, టేపు తర్వాత తీయొచ్చు.