విప్పిన ఖర్చు ఎవరిది?

ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్న కారుకి బిల్లు పడితే చాలామంది గొణుక్కుంటూ కట్టేసి వచ్చేస్తారు. అదే మర్యాద అనుకుంటారు. కాదని నా వాదన. విజయవాడలో తర్కశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దాయనకీ, వేరే షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజరుగా చేస్తున్న ఆయన అన్నకొడుక్కీ మధ్య మాటలుగా దాన్ని రాస్తున్నాను.

అబ్బాయి: మీ బిల్లు చూశాను బాబాయ్. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, లేబరు, జీఎస్టీ కలిపి 18 వేల చిల్లర. క్లచ్ ప్లేటు అరిగే సామాను. బ్రేక్ ప్యాడ్లకీ వైపర్ బ్లేడ్లకీ ఎలా ఉండదో దానికీ వారంటీ ఉండదు. బుక్‌లెట్‌లో రాసుంది, మీరు సంతకం పెట్టారు.

బాబాయి: అరిగితే నోరెత్తకుండా కట్టేవాణ్ణి. అరిగిందా?

అబ్బాయి: క్లచ్ స్లిప్ అవుతోందని రాయించింది మీరేగా.

బాబాయి: స్లిప్ అవడం నేను చూశాను. ఎందుకో గేర్‌బాక్స్ దించాక వాళ్లు చూశారు. పాత సామాను ఇస్తేగాని కదలనని కూర్చుంటే న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చారు. ఇదిగో. రివెట్ల పైన లైనింగ్ ఇంకా ఎంత మందముందో చూడు. వేలు పెట్టు, నూనె అంటుతుంది. ఇప్పుడు బిల్లులో ఈ వరుస చదువు: ఇంజన్ వెనక ఆయిల్ సీలు, వారంటీ కింద ఉచితం. అంటే సీలు లీకైందని వాళ్లే ఒప్పుకున్నారు. ఆ నూనే ప్లేటు మీద పడింది. పొగని చూసి నిప్పు ఉందనడం అనుమాన ప్రమాణం. ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు, రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

అబ్బాయి: అయినా క్లచ్‌కి కవరేజీ లేదన్నది రూలు కదా.

బాబాయి: రూలుకొక కారణం ఉంటుంది. వాడకంలో అరిగేదానికి ఎవడూ పూచీ పడలేడు, అది న్యాయమే. కానీ దీన్ని చెడగొట్టింది నా వాడకం కాదు, వాళ్లు పూచీ పడ్డ సీలు. కారణం లేనిచోట ఆ మినహాయింపు ఎలా నిలుస్తుంది?

అబ్బాయి: కొన్ని బుక్‌లెట్లలో, ఒక భాగం చెడి ఇంకోటి చెడితే బాధ్యత లేదని కూడా ఉంటుంది.

బాబాయి: నాదాంట్లో లేదు. అది వదిలెయ్.

అబ్బాయి: సరే, అసలు చిక్కు చెబుతాను. విప్పితేగాని లోపల ఏముందో తెలీదు. విప్పడానికి మా కుర్రాడికి ఒక పూట పడుతుంది. వారంటీలోకి రాదని తేలితే ఆ కూలి ఎవరిస్తారు?

బాబాయి: గట్టి ప్రశ్నే, తేలిగ్గా తీసెయ్యను. నేను తెచ్చింది రోగలక్షణం. కారణం కనిపెట్టే స్కానరు, పనితనం వాళ్ల దగ్గరున్నాయి. బయట విప్పిస్తే వారంటీ పోతుందని బెదిరించిందీ వాళ్లే. ఇంకో గుమ్మం తొక్కనివ్వనివాడు 'ఇది రాదు' అన్నప్పుడు ఎందుకు రాదో నా కళ్లకి చూపించాలి. చూపిస్తే, ముందే ఇంతవుతుందని చెప్పి ఉంటే, ఆ పూట కూలి నేనే ఇస్తాను. జాబ్ కార్డు మీద అంచనా 2,500. సాయంత్రానికి 18 వేలు. మధ్యలో ఒక్క ఫోను రాలేదు. ఇంకోటి విను. సీలు మార్చాలన్నా గేర్‌బాక్స్ దించాల్సిందేగా? ఆ కూలి కంపెనీ ఇస్తుంది. మరి నా బిల్లులో మళ్లీ అదే లేబరు ఎందుకుంది?

అబ్బాయి: అది... పడకూడదు బాబాయ్.

బాబాయి: ఆటోనగర్లో నా పాత కారు చూసిన మేస్త్రి ఏదైనా విప్పగానే కబురు పెట్టేవాడు. వెళితే కిరసనాయిల్లో కడిగిన బేరింగు చేతిలో పెట్టి, 'తిప్పి చూడండి సార్, గరగరలాడుతోంది' అనేవాడు. కొత్తది ఆ తర్వాతే కొనేవాడు. అంత ఏసీ, అంత గాజు ఉన్న చోట గిరాకీని లోపలికి రానివ్వకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అబ్బాయి: అక్కడ బిల్లే ఉండదుగా.

బాబాయి: ఉండదు, అదీ తప్పే. ఎక్కడికో వెళ్లిపోయాం.

అబ్బాయి: ఇంత వాదించేవారు, డబ్బెందుకు కట్టొచ్చారు?

బాబాయి: బండి వాళ్ల దగ్గరుంది. 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం వస్తువు మీద పనిచేసినవాడు కూలి అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు. అందుకని బిల్లు మీద 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి, సంతకం చేసి, ఫొటో తీసుకున్నాను. కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. ముందు షోరూమ్‌కీ కంపెనీకీ మెయిల్. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను. అదీ కాకపోతే జిల్లా కమిషన్. రెండేళ్ల గడువుంది, ఉన్న ఊళ్లోనే వేసుకోవచ్చు, లాయరు లేకపోయినా పర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

అబ్బాయి: మీదే న్యాయం బాబాయ్. మెయిల్లో ఇంకో మాట చేర్చండి. సీలు క్లెయిము పాస్ కావాలంటే విప్పినప్పటి ఫొటోలు కంపెనీకి పంపాలి, మా దగ్గరా అంతే. నూనెలో తడిసిన ప్లేటు వాటిల్లో పడే ఉంటుంది. ఆ ఫొటోలూ, టెక్నీషియన్ రాసిన రిపోర్టూ ఇమ్మని పేరుపెట్టి అడగండి. ఆ ప్లేటు మాత్రం కడగొద్దు, అలాగే ఉంచండి.