తల్లిదండ్రులతో కరిసల్ సీమలో

శ్రీనగర్ నుంచి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారికి సాగే 44వ జాతీయ రహదారి విరుదునగర్, సాత్తూరు దాటి కోవిల్‌పట్టి చేరుతుంది. తల్లితోనో తండ్రితోనో సైకిల్‌పై దూరయాత్ర తలపెట్టే తెలుగువారికి విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా సుమారు 50 కిలోమీటర్ల ఈ దారి ఎంతో ఆప్తమైనది. ఏలనంటే, తమిళులు ‘కరిసల్’ అని పిలిచే ఈ నల్లరేగడి సీమలో శతాబ్దాల క్రితం దక్షిణాదికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ వలసను తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా మలచిన కి. రాజనారాయణన్, కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో అటువంటి కుటుంబంలోనే 1923లో జన్మించారు.

కారులో గంటలోపే ముగిసే ఈ దారిని పెద్దవారి సత్తువకు తగినట్లు గంటకు 12 కిలోమీటర్ల వేగంతో తొక్కితే నాలుగు గంటలకు పైగా పడుతుంది; పత్తిచేల పక్కన ఆగి, తాతల నాటి సేద్యం ముచ్చట్లు కన్నవారి నోట వినడానికి ఆ నిదానమే వీలు కల్పిస్తుంది. వేరుశనగ పలుకులను బెల్లం పాకంలో కలిపి, పైన రంగు కొబ్బరి తురుము చల్లే కోవిల్‌పట్టి మిఠాయి అలసిన ఒంటికి వెంటనే శక్తినిస్తుంది. ఊరి పేరును ఇతరుల సరుకుకు వాడకుండా కాపాడే భౌగోళిక గుర్తింపు దానికి 2020లో దక్కింది.

ఎండ ముదరకముందే బయలుదేరండి, పెద్దవారి సైకిల్‌నే ముందు సాగనివ్వండి.